సువార్తల సంపాదకత్వ విమర్శ

సువార్తికులు తమకు అందిన మూలాలను ఎలా, ఎందుకు మార్చి కూర్చారో పరిశీలించే కొత్త నిబంధన అధ్యయన పద్ధతి. మార్కు ముందు రాశాడనీ, మత్తయి, లూకాలు అతని రచనతోపాటు 'క్యూ' అనే ఊహాత్మక సూక్తుల సంకలనాన్ని వాడుకున్నారనీ చెప్పే సిద్ధాంతం దీనికి పునాది.

తుఫాను అణచిన ఘట్టంపై 1948లో గుంథర్ బోర్న్‌కామ్ రాసిన వ్యాసం దీనికి నాంది. మార్కులో శిష్యులు యేసును 'బోధకుడా' అని పిలిచి, మేం మునిగిపోతున్నా పట్టదా అని నిష్ఠూరమాడతారు. మత్తయిలో ఆ పిలుపు 'ప్రభువా' అయింది, నిష్ఠూరం ప్రార్థనగా మారింది. యేసును వెంబడించడం గురించిన సంభాషణను మత్తయి ఈ ఘట్టానికి ముందే ఉంచాడు (8:18-22); శిష్యులు పడవెక్కడాన్నీ వెంబడించడంగానే చెప్పాడు. కనుక ఆ పడవ సంఘానికి ప్రతీక అని బోర్న్‌కామ్ వాదన. ఇంత చిన్న మార్పుల్లోంచి ఒక రచయిత విశ్వాసం వెల్లడి కావడమే ఈ పద్ధతిలోని నిజమైన బలం.

తరువాత హాన్స్ కాన్జెల్‌మన్ లూకాపై (1954), విల్లీ మార్క్సెన్ మార్కుపై (1956) గ్రంథాలు వెలువరించారు.

తెలుగు పాఠకులకు ఈ చూపు పరాయిది కాదు. తిక్కన భీష్మపర్వంలో భగవద్గీతను అంతగా ఎందుకు కుదించాడని అడిగే భారత విమర్శకులది ఇదే ప్రశ్న. హైదరాబాదు గాంధీనగర్‌లో ఉన్న ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల వంటి చోట్ల కాబోయే పాస్టర్లకు సువార్తలను పక్కపక్కన పెట్టి చదవడం అవసరమైన విద్య. 1964లో రాజమండ్రిలో ఏర్పడిన ఈ సంస్థ 1973లో హైదరాబాదుకు తరలింది.

మార్కు విషయంలో పని కష్టం, అతని మూలాలేవీ మిగల్లేదు. మార్కు మొదటివాడని ఒప్పుకోని పండితులకు పై పోలికలన్నీ తలకిందులవుతాయి.