నల్లమందు దేశంలో నొప్పి

నల్లమందు మనకు కొత్త కాదు. గంగ ఒడ్డున గాజీపూర్‌లో కుంఫిణీ వారు 1820లోనే దానికి కర్మాగారం పెట్టారు. ఈనాటికీ మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు లైసెన్సు మీద గసగసాల పంట వేస్తారు. కాయను గీసి తీసిన పాలను సర్కారుకే అప్పగిస్తారు. అందులోని సారమే మార్ఫిన్. జర్మనీకి చెందిన సెర్టూర్నర్ 19వ శతాబ్ది తొలి ఏళ్లలో దాన్ని వేరుచేశాడు.

దాన్ని వాడే పద్ధతి మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ ఆశ్రయాన్ని స్థాపించిన డాక్టర్ సిసిలీ సాండర్స్, రోగి నొప్పితో అరిచేదాకా ఆగకుండా వేళ తప్పక నోటి ద్వారా మార్ఫిన్ ఇవ్వాలని చూపింది. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సరు నొప్పికి ఇదే మార్గం చెప్పింది.

సరిగ్గా అప్పుడే మన తలుపులు మూసుకున్నాయి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో పెద్ద నేరాలకు కనీసం పదేళ్ల జైలు. మార్ఫిన్ ఉంచుకోవడానికొక లైసెన్సు, పొరుగు రాష్ట్రం నుంచి తెచ్చుకోవడానికి మరికొన్ని. ఒకటి చేతికొచ్చేలోగా మరొకదాని గడువు తీరేది. రాష్ట్రాల సరిహద్దుల మీద బతికే మనకు ఆ తిప్పలు వేరే చెప్పాలా? ఆసుపత్రులు మార్ఫిన్ తెప్పించడమే మానుకున్నాయి. దేశం మొత్తం వాడకం 97 శాతం పడిపోయి, 1997లో 18 కిలోలకు దిగింది. నల్లమందు ఎగుమతి చేసే దేశం లెక్క ఇది!

దారి చూపినవారు కేరళ వైద్యులు. 1993లో కాలికట్‌లో డాక్టర్ రాజగోపాల్ ప్రభృతులు ఒక సంఘం పెట్టి, రోగులకు మార్ఫిన్ మాత్రలు ఇంటికే ఇచ్చి పంపారు. రెండేళ్లలో 1,700 మందికి పైగా రోగుల లెక్క తీస్తే, మందు పక్కదారి పట్టిన ఉదంతం ఒక్కటీ కనబడలేదు. చిన్న మోతాదుతో మొదలుపెట్టి నొప్పిని బట్టి పెంచడం, మలబద్ధకానికి తోడు మందివ్వడం, మగతనూ ఊపిరినీ కనిపెట్టి ఉండడం, ప్రతి మాత్రకూ పద్దు రాయడం – కట్టుదిట్టమంటే ఇంతే.

భయం ఊరికే పుట్టిందని కాదు. అమెరికాలో 1990ల చివరి నుంచి ఇలాంటి మాత్రలను మామూలు నొప్పులకూ విచ్చలవిడిగా రాసి, లక్షల ప్రాణాలు పోగొట్టుకున్నారు. అక్కడ పద్దు లేదు, ఇక్కడ మందే లేదు.

2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, వైద్యానికి అవసరమైన ఈ మందులకు దేశమంతటా ఒకే నిబంధనకు వీలు కల్పించింది. కాగితం మీది అడ్డు తొలగింది. వైద్యుల మనసులోనూ, మన ఇళ్లలోనూ ఉన్న జంకు ఇంకా తొలగాలి.