అర్థశాస్త్రమూ, ధర్మమూ, మన తిరుపత్తూరు

ఈ సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగినప్పుడు, శ్రీకృష్ణదేవరాయలవారిని గురించి వ్రాస్తామని ఒప్పుకొన్నాము. మేము మెట్రిక్కుతో చదువు ఆపి రైల్వేలో గుమాస్తాగా చేరినవాళ్ళము. రాయలవారి మీద మాకన్న బాగా వ్రాయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. అంతలో ఒక తువ్వాళ్ళ బేరం మమ్మల్ని వేరే దారికి లాగింది. ఆ సంగతి ముందు చెప్పుకొంటాము.

పోయిన ఉగాదికి పెద్దలను సన్మానించడానికి చేనేత తువ్వాళ్ళు కొని తెచ్చే పని సంఘం మాకు అప్పగించింది. గుడియాత్తం వెళ్ళి ఒక నేతగాని ఇంటి ముందర నిలబడ్డాము. ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నారు. ఆయన ఒక ధర చెప్పాడు. బజారులో మరమగ్గం తువ్వాలు ఎంతకు దొరుకుతుందో మేము చెప్పాము. కాసేపు ఊరకే ఉండి, "మన పండగకే గదా, తీసుకోండన్నా" అని ఆ ధరకే కట్టి ఇచ్చాడు. సంఘం డబ్బు మిగిల్చామని సమావేశంలో చప్పట్లు కూడా కొట్టారు. ఇంటికి వచ్చి గొప్పగా చెప్పుకొంటే మా అమ్మ ఒకటే అడిగింది: "ఆ మనిషికి ఏం మిగిలిందిరా?" మేము, "అదే మార్కెట్టు రేటమ్మా" అన్నాము. అమ్మ ఇంకేమీ అనలేదు. ఆమె అనకపోవడమే మాకు ముల్లులాగా గుచ్చుకొన్నది.

మార్కెట్టు రేటు అనే మాట గాలి, నీరు లాగా ఎప్పుడూ ఉన్నదేనని మనం అనుకొంటాము. అది తప్పు. ఆ మాటకు ఒక పుట్టుక ఉన్నది, ఒక ఊరు ఉన్నది. ఆ ఊరికీ మన తిరుపత్తూరుకూ ఒక చుట్టరికం కూడా ఉన్నది. అందుకే రాయలవారిని ఈ యేటికి వదలిపెట్టాము.

పశ్చిమ దేశాలలో ఎన్నో వందల యేండ్లు ధర, వడ్డీ, కూలి అనేవి మతగురువు ముందర తేలవలసిన సంగతులు. 1139లో రోములో కూడిన మహాసభ వడ్డీ వ్యాపారులను తీవ్రంగా ఖండించింది. 1179లో ఇంకో సభ, బాహాటంగా వడ్డీకి తిప్పేవానికి చచ్చిన తరువాత క్రైస్తవ సమాధి కూడా ఇవ్వరాదన్నది. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే సన్యాసి దైవశాస్త్ర మహాగ్రంథం వ్రాస్తూ, అందులోనే సరకును దాని విలువకు మించి అమ్మవచ్చునా అని ప్రశ్న వేసి, మోసగించి అమ్మడం పాపమని తేల్చాడు. ఇల్లు గడుపుకొనేందుకు మితమైన లాభం తీయడం తప్పు కాదని కూడా అన్నాడు. అంటే ఆనాటికి అర్థశాస్త్రమని వేరే పుస్తకం లేదు. అది ధర్మశాస్త్రంలో ఒక అధ్యాయం మాత్రమే.

అది సత్యయుగమని మేము చెప్పడం లేదు. ధనవంతులు హుండీల చాటున వడ్డీ తీసుకొంటూనే ఉన్నారు. వడ్డీ పనిని యూదుల మీదికి నెట్టి, ఆ పని చేస్తున్నారని మళ్ళీ వాళ్ళనే తిట్టినారు. 16వ శతాబ్దంలో జెనీవాలో జాన్ కాల్విన్ అనే సంస్కర్త కొంచెం సర్ది, వ్యాపారానికి ఇచ్చిన అప్పు మీద మితంగా వడ్డీ పుచ్చుకోవచ్చు గాని పేదవానిని పిండరాదు అన్నాడు. లోకం మొదటి సగం గుర్తు పెట్టుకొన్నది.

ఇక ఆడమ్ స్మిత్. ఈయన స్కాట్లండు దేశస్థుడు. అర్థశాస్త్రానికి పితామహుడని బడి పుస్తకాలలో చదివినాము గాని, ఆయన ఉద్యోగం ఏమిటో మాకు ఈమధ్యనే తెలిసింది. 1752 నుండి 1764 వరకు ఆయన గ్లాస్గో విశ్వవిద్యాలయంలో నీతిశాస్త్ర ఆచార్యుడు. ఆయన పాఠాలు దేవుని గురించిన తర్కంతో మొదలై, నీతి, న్యాయం మీదుగా వచ్చి, చివరన వర్తకం, రాబడి వరకు వెళ్ళేవి. నాలుగూ ఒకే గదిలో, ఒకే నోటి నుండి. 1759లో మొదటి పెద్ద పుస్తకం మనుష్యుల పరస్పర సానుభూతి మీద వ్రాశాడు. 1776లో వచ్చిన 'దేశాల సంపద' రెండవది. గుండుసూదుల కార్ఖానాలో పదిమంది పని పంచుకొంటే దినానికి 48,000 సూదులు చేస్తారని లెక్క కట్టింది ఆ పుస్తకంలోనే. అయితే యజమానులు లోలోపల కూడబలుక్కొని కూలి పెరగకుండా చూస్తారనీ, ఎక్కువమంది పేదలుగా ఉన్న దేశం సుఖంగా ఉన్నదనడానికి వీలులేదనీ కూడా ఆ పుస్తకమే చెప్పింది. తరువాతివాళ్ళు సూదుల లెక్క ఉంచుకొని, తక్కినది అటక ఎక్కించారు. నాలుగు పాఠాలలో చివరిది వేరు కాపురం పెట్టింది. మనం నోటికి తేలికగా అనే 'మార్కెట్టు రేటు' ఆ వేరు కాపురంలో పుట్టిన బిడ్డ.

దీన్ని మొదట గట్టిగా నిలదీసిన వారిలో జాన్ రస్కిన్ ఒకడు. సారాయి వర్తకుని కొడుకు. తల్లి దినమూ పక్కన కూర్చోబెట్టుకొని బైబిలు చదివించేది. 1860లో ఒక లండను మాసపత్రికలో ఈ విషయం మీద వరుసగా వ్యాసాలు మొదలు పెట్టాడు. పాఠకులు మండిపడ్డారు, నాలుగు వ్యాసాలతో సంపాదకుడు ఆపించాడు. 1862లో అవి పుస్తకమైనవి. ఆ పుస్తకం పేరు బైబిలులోని ద్రాక్షతోట కథలోనిది. తోట యజమాని తెల్లవారి వచ్చిన కూలికీ, పొద్దు గూకే వేళ వచ్చిన కూలికీ ఒకే కూలి ఇస్తాడు. ముందు వచ్చినవాళ్ళు సణుగుతారు. కడపటివానికి కూడా ఇల్లు ఉన్నది, ఆకలి ఉన్నది అని మేము ఆ కథను అర్థం చేసుకొన్నాము.

రస్కిన్ చేసిన ఒక వాదన మా మనసుకు బాగా పట్టింది. బిషపు పదవికి ఎవరు తక్కువ జీతానికి వస్తారని పాట పెట్టము. వైద్యుని, సైనికుని, న్యాయమూర్తిని అలాగు ఎన్నుకోము. కూలివాని దగ్గర మాత్రం ఎందుకు పాట పెడతామని ఆయన ప్రశ్న. గుమాస్తాలమైన మాకు ఇది నేరుగా తగిలింది. మా జీతం ఎవరూ బేరమాడి తగ్గించరు. పే కమిషను ఉన్నది, కరువుభత్యం ఉన్నది. కాని అదే ప్లాట్‌ఫారం మీద చీపురు పట్టే కాంట్రాక్టు మనిషి పని, తక్కువ కొటేషను వేసినవానికే పోతుంది. ఆ కొటేషన్ల కాగితాలకు గుండుసూది గుచ్చేది మాలాంటి గుమాస్తాలే. స్మిత్‌గారి సూది అక్కడికి కూడా వచ్చింది!

తరువాతి సంగతి రైల్లో జరిగింది గనుక కొంచెం గర్వంగానే వ్రాస్తున్నాము. 1904లో గాంధీగారు జోహానెస్‌బర్గు నుండి డర్బనుకు బయలుదేరినప్పుడు, స్టేషనులో హెన్రీ పోలక్ అనే మిత్రుడు ఈ రస్కిన్ పుస్తకాన్ని చేతిలో పెట్టాడు. ప్రయాణం ఇరవై నాలుగు గంటలు. మొదలుపెట్టిన పుస్తకం కింద పెట్టలేకపోయారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ యేడే డర్బను దగ్గర ఫీనిక్సులో భూమి కొని ఆశ్రమం పెట్టారు. పత్రిక ముద్రించే పనివారందరికీ రంగు, జాతి భేదం లేకుండా నెలకు మూడు పౌనులు. 1908లో ఆ పుస్తకాన్ని గుజరాతీలో సంగ్రహించి 'సర్వోదయ' అని పేరు పెట్టారు. మన దేశంలో ఆ మాట వాడుకలోకి వచ్చిన దారి ఇది.

సరిగ్గా ఆ 1904లోనే జర్మనీలో మాక్స్ వేబర్ అనే పండితుడు, కాల్విన్ దారి క్రైస్తవులలోని కష్టపడే గుణం, పొదుపు, పెట్టుబడి వ్యాపారానికి ఎట్లా దోహదం చేసినవో చెప్పే వ్యాసం ప్రచురించడం మొదలుపెట్టాడు. ఒకే యేట ఒకడు మతం నుండి మిల్లు ఎట్లా వచ్చిందో వ్రాస్తున్నాడు, ఇంకొకరు ధర్మం కోసం మిల్లుకు దూరంగా నడుస్తున్నారు.

ఇప్పుడు మన ఊరికి వస్తాము. ఎర్నెస్ట్ ఫారెస్టర్ పేటన్ 1891లో స్కాట్లండులో, అలోవా అనే ఊళ్ళో పుట్టాడు. ఆడమ్ స్మిత్ పుట్టిన కర్కాల్డీ అక్కడికి అంత దూరం కాదు. పేటన్‌లది ఉన్ని నూలు మిల్లుల కుటుంబం. కాల్విన్ దారిలో నడిచే సంఘానికి చెందిన దైవభక్తులు, దాతలు. వేబర్ వ్రాసినది ఇటువంటి ఇండ్లను గురించే అనిపిస్తుంది. ఆ ఇంటి బిడ్డ వైద్యం చదివి, బ్రిటనులోనే ఎస్. జేసుదాసన్ అనే తమిళ వైద్యునితో స్నేహం కట్టాడు. ఇద్దరూ కొంతకాలం పూనా మిషనులో ఉండి, 1921లో తిరుపత్తూరు వచ్చి క్రిస్తుకుల ఆశ్రమం పెట్టారు. దక్షిణాదిలో ప్రొటెస్టెంటు క్రైస్తవుల ఆశ్రమాలకు అదే మొదటి దారి.

ఖద్దరు కట్టారు, శాకాహారం తిన్నారు, పెండ్లి చేసుకోలేదు, చుట్టుపక్కల పల్లెల రోగులకు వైద్యం చేశారు. జేసుదాసన్‌గారిని పెరియణ్ణన్ అనీ, పేటన్‌గారిని చిన్నణ్ణన్ అనీ పిలిచేవారు. మన మాటలో పెద్దన్న, చిన్నన్న. తెల్లదొర రాజ్యం చేస్తున్న రోజుల్లో, ఒక కోటీశ్వరుల ఇంటి దొర ఒక తమిళునికి తమ్ముడుగా ఉండటానికి ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. ఆశ్రమంలో ప్రార్థనా మందిరాన్ని కూడా ద్రావిడ శైలిలో, గోపురంతో కట్టించారు. మేము వేంకటేశ్వరస్వామి భక్తులమే అయినా, మొదటిసారి చూచినప్పుడు చేతులు వాటంతటవే జోడించుకొన్నవి.

స్నేహం అనే మాట వచ్చింది గనుక ఇంకొకటి. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీల మహాసభలో, మీరు మాకు చాలా ఇచ్చారు, ఇక స్నేహం ఇవ్వండి అనే భావంతో మాట్లాడిన వేదనాయగం అజరయ్యగారు తమిళులు. మన తెలుగు నాట డోర్నకల్లులో 1912 నుండి 1945 దాకా బిషపుగా పనిచేశారు. రైల్వేవాళ్ళకు డోర్నకల్లు జంక్షనుగానే తెలుసు. ఇక్కడికి వచ్చిన తెలుగువాళ్ళం మనం. అక్కడికి వెళ్ళిన తమిళుడు ఆయన. పొరుగూరి అప్పు ఎటునుండి ఎటు తీరుతున్నదో లెక్క కట్టడం కష్టం.

1932 జనవరిలో మద్రాసులో విదేశీ గుడ్డల అంగళ్ళ ముందర పికెటింగు జరుగుతున్నది. పేటన్‌గారు ఖద్దరు కట్టుకొని అక్కడ నిలబడి ఉన్నారు. పోలీసులు ఆయన మీద రంగునీళ్ళు చిమ్మి, లాఠీలతో కొట్టారు. ఆ సంగతి బ్రిటిషు పార్లమెంటులో ప్రశ్నగా లేచింది. మిల్లు నూలు అమ్మి కలిగిన ఇంటివాడు చేతి నూలు గుడ్డలో దెబ్బలు తిన్నాడు. ఈ ఒక్క దృశ్యం మాకు పెద్ద పెద్ద గ్రంథాలకన్న ఎక్కువ చెప్పింది. గ్లాస్గోలో విడిపోయిన పాఠాలను తిరిగి ఒకచోట చేర్చడానికి స్కాట్లండువాడే ఒకడు మన ఊరి దాకా వచ్చాడు గదా అనిపించింది.

తంజావూరులో 1892లో పుట్టిన జె.సి. కుమారప్పగారు కూడా ఈ కోవలోనివారే. లెక్కల ఆడిటరు; కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి, మన దేశపు దారిద్ర్యానికి ప్రభుత్వం పన్నులు వేసి ఖర్చు పెట్టే తీరు ఎట్లా కారణమైనదో వ్రాశారు. 1929లో గాంధీగారిని కలిశారు. 1934లో ఏర్పడిన గ్రామ పరిశ్రమల సంఘాన్ని నడిపారు. ఒకవైపు ఏసు బోధల మీద, ఇంకొకవైపు నిలకడైన ఆర్థిక వ్యవస్థ మీద వ్రాసినారు. ఆయనకు అవి రెండు విషయాలు కావు. 1960లో జనవరి 30న, గాంధీగారు పోయిన తేదీనే, ఆయనా కాలం చేశారు.

వీళ్ళంతా గెలిచారని మేము అనము. అలోవా మిల్లులు తమ పాటికి తాము నడిచినవి. జేసుదాసన్‌గారు 1969లో, పేటన్‌గారు 1970లో పోయారు. గుడియాత్తం నేతగాని కూలి ఎవరి ఆశ్రమం చూచీ పెరగలేదు. ఖద్దరు కట్టినవాళ్ళలో బేరమాడనివాళ్ళు ఎందరో మాకు అనుమానమే. ఇంకో చిక్కు ఉన్నది: మన సంఘం చందాలతో నడిచేది. ఆ డబ్బులో పోర్టరుదీ ఉన్నది, గ్యాంగుమనుదీ ఉన్నది. దాన్ని మా మనశ్శాంతి కోసం ధారాళంగా ఖర్చుపెట్టే హక్కు మాకు ఎక్కడిది? ఈ ప్రశ్నకు అక్వినాసు, స్మిత్తు, రస్కిన్ ముగ్గురూ మూడు విధాలుగా జవాబు చెప్పగలరు. మాకు చెప్పే తెలివి లేదు.

ఈ యేడు మళ్ళీ ఆ ఇంటికే వెళ్ళాము. ఈసారి ధర అడగలేదు. ఒక తువ్వాలుకు నూలు ఎంత, రంగు ఎంత, ఎన్ని గంటల పని, ఇంట్లో ఎందరు అని అడిగాము. ఆయనకు మొదట మేము ఇన్‌కంటాక్సువాళ్ళమేమోనని భయం వేసింది. తరువాత భార్యను పిలిచి ఇద్దరూ వేళ్ళ మీద లెక్క పెట్టి, పోయిన యేటికన్న తువ్వాలుకు ముప్పై రెండు రూపాయలు ఎక్కువ చెప్పారు. ఇచ్చి వచ్చాము. ఇరవై నాలుగు తువ్వాళ్ళకు ఏడువందల అరవై ఎనిమిది రూపాయలు ఎందుకు పెరిగినవో వ్రాసి ఇమ్మని ఖజానాదారుగారు అడిగారు. కార్యదర్శిగారు అడిగిన వ్యాసమూ, ఖజానాదారుగారు అడిగిన వివరమూ రెండూ ఇదే. మిగిల్చిన డబ్బు పోయిన యేటి పద్దులోనే ఉన్నది; దానిని ఆ ఇంటికి తిరిగి ఇవ్వవలెనా అన్నది రాబోయే సర్వసభ్య సమావేశంలో పెట్టాము.