పాతర మూత ఎవరి చేతిలో?

“రాత్రి ఒక్క జొన్నరొట్టె తిని పన్న. పొద్దుగాల చాయ్ గూడ తాగకుండ టెస్టు చేపిచ్చుకున్న. మరి షుగర్ గింత ఎట్లొచ్చింది?” నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా షుగర్ క్లినిక్ ముందు కాసేపు కూర్చుంటే వినపడే ప్రశ్న ఇది. తినని చక్కెర రక్తంలోకి ఎక్కడినుంచి వచ్చిందని.

1848 ప్రాంతంలో పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్‌ను పట్టుకున్నదీ ఈ ప్రశ్నే. మాంసం మాత్రమే తిన్న కుక్కల్లో కూడా కాలేయం నుంచి బయటికొచ్చే రక్తంలో చక్కెర కనపడింది. అంటే కాలేయం చక్కెరను తనే తయారుచేస్తోంది. 1857కల్లా అందులో నిల్వ ఉండే గ్లైకోజెన్‌ను కూడా ఆయన వేరుచేసి చూపించాడు.

జొన్న పాతర గురించి విన్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. పండిన కాలంలో గుంత తవ్వి, గడ్డి పరిచి, గింజలు పోసి, మట్టితో మూసేస్తారు. కరువొస్తే తెరుస్తారు. మన కాలేయపు పాతరలో పట్టేది మహా అయితే వంద గ్రాములు. తిన్నాక ఇన్సులిన్ వచ్చి నింపుతుంది, మూత వేస్తుంది. ఆకలైతే గ్లూకగాన్ తెరుస్తుంది. భయమేస్తే, ఒళ్లు వంచి పనిచేస్తే అడ్రినలిన్ ఆ మూతను ఒక్క తాపు తన్ని తీస్తుంది. ఖాళీ కడుపున గంటగంటకూ చక్కెర కాలేయం నుంచి బయటికి పోతుంటుంది, అందులో ఎక్కువ భాగం మెదడుకే. ఒక రోజు పస్తుంటే పాతర అడుగంటుతుంది.

తర్వాత కార్టిసాల్ వంతు. ఇది పాతర తెరవడంతో ఆగదు. కండను కరిగించి, అందులోని అమైనో ఆమ్లాలను కాలేయానికి పంపించి, వాటితో చక్కెర చేయిస్తుంది. ఇంటి దూలాలు పీకి పొయ్యిలో పెట్టడమన్నమాట. ప్రాణం నిలబడుతుంది, ఇల్లు మిగలదు. తెల్లవారుజామున కార్టిసాల్ మామూలుగానే పెరుగుతుంది. ఇన్సులిన్ మాట వినని కాలేయానికి అప్పుడు అడ్డు చెప్పేవాళ్లుండరు. క్లినిక్ ముందటి పెద్దమనిషి ప్రశ్నకు జవాబు చాలావరకు ఇదే. మెట్‌ఫార్మిన్ గోళీ పనిచేసేది కూడా ముఖ్యంగా కాలేయం మీదే.

ఈ కథలో మనవాడొకాయన పాత్ర ఉంది, ఎవరూ పెద్దగా తలచుకోరు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టాడు. కణంలో చక్కెర కదలాలంటే దానికి ఫాస్ఫేట్ తగులుకోవాలి. ఆ ఫాస్ఫేట్‌ను కొలవడానికి ప్రపంచంలోని ప్రయోగశాలలు దశాబ్దాల పాటు ఈ పద్ధతినే వాడాయి. గ్లైకోజెన్ ఎలా విడిపోతుందో తేల్చినందుకు కోరి దంపతులకు 1947లో నోబెల్ వచ్చింది. సుబ్బారావు పేరు మాత్రం పద్ధతి పేరులోనే మిగిలింది.

నాకు ఇంతకన్నా ముఖ్యమనిపించే అధ్యాయం హైదరాబాద్‌లో జరిగింది. కూనూరులో మొదలైన పోషకాహార పరిశోధన సంస్థ 1958లో తార్నాకకు వచ్చింది. దక్కన్ జొన్న పొలాలు ఇక దాని గుమ్మం ముందే. జొన్న తిని బతికే పేదల్లో పెల్లాగ్రా ఎందుకొస్తుందని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లోనే రాశారు. ఆ తర్వాత గోపాలన్ ఇంకో చిక్కుముడి మీద పడ్డాడు. ఒకే రకం పేద తిండి తిన్న పిల్లల్లో ఒకడు ఎముకల గూడై మరాస్మస్‌లోకి పోతాడు. ఇంకొకడు ఒళ్లు ఉబ్బి, కాలేయంలో కొవ్వు పేరుకుని క్వాషియోర్కర్‌లోకి పోతాడు. ఇద్దరి తిండిలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదని 1968లో ఆయన అన్నాడు. మరి తేడా ఎక్కడ? అదే సంస్థలో పనిచేసిన కమలా జయారావు 1974లో లాన్సెట్‌లో ఇచ్చిన జవాబు హార్మోన్లు. కార్టిసాల్ గట్టిగా స్పందించిన పిల్లవాడి కండ కరిగి కాలేయానికి ముడిసరుకు అందుతుంది. వాడు ఎండిపోతాడు కానీ తట్టుకుంటాడు. ఆ స్పందన సరిపోనివాడు ఉబ్బుతాడు. ఎండిపోవడం కూడా శరీరం ఎంచుకున్న దారేనన్నమాట. తర్వాత వేరే వాదనలు చాలా వచ్చాయి, చర్చ ఇంకా తెగలేదు. కానీ ఆకలిని హార్మోన్ల భాషలో చదవడం ఇక్కడ, మన పిల్లల ఒంటి మీదనే సాగింది.

మరి పెద్దవాళ్లు? నల్లగొండ జిల్లా నందికొండ దగ్గర 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రాతికట్టడం. ఇలాంటి ప్రాజెక్టుల మీద రాళ్లు మోసిన ‘పాలమూరు లేబర్’ అన్న మాటే ఒక జిల్లాకు మారుపేరైపోయింది. పొద్దున గటుక తాగి ఎండలో రాయి మోసే మనిషి కాలేయం ఎన్నిసార్లు అడుగంటి ఉంటుందో ఎవరూ కొలవలేదు. డ్యాం ఎత్తుకు లెక్క ఉంది, దీనికి లేదు.

లెక్క దొరికే చోటొకటుంది. 1987–90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో ఒక ప్రయత్నం జరిగింది. 15 ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ ద్వారా మొక్కజొన్న–సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. మిగతా 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్ల వాళ్లయ్యాక మళ్లీ వెళ్లి కొలిచారు. ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. ఇన్సులిన్ మాట వినని గుణం వాళ్లలో దాదాపు 20 శాతం తక్కువ. రెండు రకాల ఊళ్ల పిల్లల ఒంట్లో కొవ్వు మాత్రం ఇంచుమించు ఒకటే.