బస్తీలలో అప్పు, లెక్కలలో నిజము

మాదాపురములో సైబర్ టవర్స్ భవనము 1998లో ప్రారంభమైనది. అటుపిమ్మట హైదరాబాదు నగరము శీఘ్రముగా పెరిగినది. అదే కాలమున పేదల బస్తీలలో చిన్న అప్పులిచ్చు సంస్థలు వ్యాపించినవి. 2006లో బంగ్లాదేశ్‌కు చెందిన ముహమ్మద్ యూనస్‌కును, గ్రామీణ బ్యాంకునకును నోబెల్ శాంతి బహుమానము లభించెను. చిన్న అప్పు పేదరికమును తొలగించునను నమ్మకము దీనితో లోకమంతట బలపడినది. ఈ నమ్మకమును పరీక్షించుట ఎట్లు?

అప్పు తీసికొన్న యొక కుటుంబపు రాబడి రెండేండ్లలో పెరిగినదనుకొందము. అది అప్పు మహిమయా, నగరము పెరిగిన ఫలమా? మునుపటి లెక్కను ఇప్పటి లెక్కతో పోల్చినంత మాత్రమున తెలియదు. అప్పు తీసికొన్నవారిని తీసికొననివారితో పోల్చినను చిక్కు తీరదు. ఏలన, వ్యాపారమందు చొరవ గలవారే ముందుగా అప్పునకు వత్తురు. వారు అప్పు లేకున్నను బాగుపడియుండవచ్చును.

అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, రేచెల్ గ్లెనర్‌స్టర్, సింథియా కిన్నన్ అను ఆర్థిక శాస్త్రజ్ఞులు ఈ చిక్కును లెక్కలు సేకరింపక పూర్వమే ఆలోచించిరి. స్పందన అను సంస్థ ఆరు మొదలు పదిమంది వరకు గల స్త్రీల బృందములకు అప్పులిచ్చుచుండెను. మొదటి అప్పు సాధారణముగా 10,000 రూపాయలు; దానిని 50 వారములలో తీర్చవలెను. ఆ సంస్థ సమ్మతితో 2005లో 120 బస్తీలలో ప్రాథమిక సర్వే జరిగినది. వలస కూలీలు ఎక్కువగా నున్న 16 బస్తీలను తొలగింపగా 104 మిగిలినవి. ఒకదానినొకటి పోలిన బస్తీలను జతలుగా కూర్చి, ప్రతి జతలో దేనికి శాఖ రావలెనో చీటీ వేసినట్లు యాదృచ్ఛికముగా నిర్ణయించిరి. ఇట్లు 52 బస్తీలకు 2006–2007లో శాఖలు వచ్చినవి. నగరాభివృద్ధి రెండు వర్గములకును సమానమే గనుక, వాని సగటుల భేదము అప్పు సౌకర్యమువలన కలిగినదని చెప్పవచ్చును.

2007–2008లో 6,800కు పైబడిన కుటుంబములను ప్రశ్నించిరి. అప్పు తీసికొన్నవారిని మాత్రమే ఏరుకొనక, బస్తీలోని అర్హులైన కుటుంబములన్నిటినుండియు నమూనా తీసిరి. లేనిచో తొలగించిన దోషము మరల ప్రవేశించును.

ఫలితమేమి? శాఖలు వచ్చిన బస్తీలలో నూటికి సుమారు 27 కుటుంబములు చిన్న అప్పు సంస్థల ఋణము వాడుచుండగా, రాని బస్తీలలో ఇతర సంస్థలవలన సుమారు 18 కుటుంబములు వాడుచుండెను. పనిముట్లు, గృహోపకరణముల వంటి మన్నిక గల వస్తువులపై వ్యయము పెరిగినది. టీ, పొగాకు వంటివానిపై తగ్గినది. కాని కుటుంబపు మొత్తము వ్యయములో చెప్పదగిన మార్పు లేదు. పిల్లల చదువు, స్త్రీల అధికారము విషయములందును స్పష్టమైన భేదము కానరాలేదు.

2008 తరువాత రెండవ వర్గపు బస్తీలకును స్పందన అప్పులు అందినవి. కావున తరువాతి సర్వేలో ప్రశ్నయే మారినది. అప్పు ఉన్నదా లేదా యనునది కాక, ముందు అందినదా వెనుక అందినదా యనునది పరీక్షకు వచ్చినది. పోల్చునది మారినచో అర్థమును మారును.

ఈ వ్యాసము 2015లో ప్రచురితమైనది. చిన్న అప్పు మంత్రదండము కాదు, నిష్ప్రయోజనమును కాదు. ఐనను ఇది ఒక నగరములో, ఒక సంస్థ విషయమున తేలిన మాట. వేరొకచోట మరల పరీక్షింపవలెను. లెక్కలెన్ని యున్నను, ఎవరిని ఎవరితో పోల్చుచున్నామో ముందుగా నిశ్చయింపనిచో అవి నిజము చెప్పజాలవు.