నష్టాల కంపెనీలో చిన్న వాటాదారు: రాజమండ్రి తీర్పు వెలుగులో ఉత్తరాంధ్ర కుటుంబ సంస్థలు

పలాస జీడిపప్పు పరిశ్రమలు, రాజాం జూట్ మిల్లులు, టెక్కలి గ్రానైట్ యూనిట్లు ఉన్న శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో ‘ప్రైవేట్ లిమిటెడ్’ అన్న బోర్డు వెనక తరచుగా కనిపించేది అన్నదమ్ములు, బావమరుదుల ఉమ్మడి పెట్టుబడే. ఇలాంటి కంపెనీలో తక్కువ వాటా ఉన్నవాడు డివిడెండ్ చూడడు. కంపెనీ నియమావళి (ఆర్టికల్స్) అడ్డుపడుతుంది గనుక వాటా బయటివారికి అమ్ముకోలేడు. నష్టాలు మొదలయ్యాక ఇంకో చిక్కు ఎదురవుతుంది. బ్యాంకు అప్పుకు అతనూ పర్సనల్ గ్యారంటీ ఇచ్చి ఉంటే, వాటా విలువ సున్నా అయినా ఆ సంతకం మాత్రం అతణ్ణి వదలదు.

ఈ సమస్యపై సుప్రీంకోర్టు తొలినాళ్లలో ఇచ్చిన ముఖ్యమైన తీర్పుల్లో ఒకటి గోదావరి తీరం నుంచి వెళ్లిన వివాదంలోనిది: రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్ వర్సెస్ ఎ. నాగేశ్వరరావు. అది ప్రైవేట్ కంపెనీ కాదు, వాటాదారులు 603 మంది. అయినా కథ మనకు తెలిసినదే. వైస్ చైర్మన్ కంపెనీ సొమ్ము పెద్దమొత్తాల్లో సొంతానికి వాడుకున్నాడు, ప్రభుత్వానికి కరెంటు బాకీలు పేరుకున్నాయి, యంత్రాలు పాడయ్యాయి. స్థానికంగా బలమైన ఒక ముఠా కంపెనీని ఏలుతోందనీ, చైర్మన్ వర్గానికి బయట ఉన్న వాటాదారులు ఏమీ చేయలేని స్థితిలో ఉన్నారనీ కోర్టు గుర్తించింది. అయినా కంపెనీని మూసేయలేదు. 1951లో కంపెనీల చట్టంలో చేరిన 153-సి సెక్షన్ కింద ఇద్దరు అడ్మినిస్ట్రేటర్లకు ఆరు నెలలపాటు పెత్తనం అప్పగించిన ఉత్తర్వును 1955 డిసెంబరు 16న జస్టిస్ వెంకటరామ అయ్యర్ తీర్పు ఖాయం చేసింది.

అందులోని లెక్క మరీ ఆసక్తికరం. నాగేశ్వరరావు వేసిన పిటిషన్‌కు 80 మంది సమ్మతించారు. వారిలో 13 మంది అసలు సభ్యులే కారనీ, ఇద్దరు రెండుసార్లు సంతకం చేశారనీ, మరో 13 మంది తర్వాత వెనక్కి తగ్గారనీ, కాబట్టి 52 మందే మిగిలారనీ కంపెనీ వాదించింది. చట్టం కోరిన పదో వంతు (603లో) కంటే అది తక్కువ. పిటిషన్ వేసిన నాటి లెక్కే చెల్లుతుందనీ, తర్వాత సమ్మతి వెనక్కి తీసుకుంటే పిటిషన్ పడిపోదనీ కోర్టు తేల్చింది. బంధువుల ఒత్తిళ్లు ఎలా పనిచేస్తాయో తెలిసిన మన ప్రాంతానికి ఈ సూత్రం ఎంతో విలువైనది.

దీన్ని చూసి అతిగా ధైర్యపడకూడదు. 1965లో ఒడిశాకు చెందిన కళింగ ట్యూబ్స్ కేసులో కొత్త వాటాలు బయటివారికి ఇచ్చినందుకు వాటాదారు కోర్టుకెక్కి ఓడిపోయాడు. మెజారిటీపై నమ్మకం పోయిందంటే చాలదు, వారి చర్యలు కఠినంగా, అన్యాయంగా ఉండాలి, పిటిషన్ నాటిదాకా కొనసాగుతుండాలి అని కోర్టు చెప్పింది. ‘మా అన్న నన్ను లెక్కచేయడం లేదు’ అన్న గోడుకు చట్టంలో చోటు లేదు.

2013 కంపెనీల చట్టంలో పాత 153-సి పాత్ర 241, 242, 244 సెక్షన్లది. వాటా మూలధనం ఉన్న కంపెనీలో వంద మంది లేదా సభ్యుల్లో పదో వంతు, ఏది తక్కువైతే అంతమంది ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అంటే ఐదుగురు సభ్యులున్న కుటుంబ కంపెనీలో రెండు శాతం వాటా ఉన్న చెల్లెలైనా ఒక్కతే పిటిషన్ వేయవచ్చు. తన వాటాను మిగతావారి చేత కొనిపించమని కోరవచ్చు. ఆంధ్రప్రదేశ్ కంపెనీల పిటిషన్లు విచారించేది జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ అమరావతి బెంచి.

కానీ ఈ పరిహారం కంపెనీ బతికి ఉన్నప్పుడే అక్కరకొస్తుంది. 2016 నాటి ఇన్‌సాల్వెన్సీ (దివాలా) కోడ్ కింద పిటిషన్ స్వీకరించాక బోర్డు అధికారాలు రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు పోతాయి. లిక్విడేషన్‌లో ఈక్విటీ వాటాదారుడిది అందరికంటే చివరి వరస. కంపెనీ తానుగా ఈ దారి పట్టాలంటే మాత్రం స్పెషల్ రిజల్యూషన్ కావాలి గనుక, పావు వంతుకు మించి ఓట్లున్న వాటాదారు దాన్ని ఆపగలడు. అప్పిచ్చినవారు వేసే పిటిషన్‌ను ఆపలేడు.

నా దృష్టిలో అసలు లోటు సెక్షన్లది కాదు, సమాచారానిది. మామూలు సభ్యుడికి జనరల్ మీటింగ్ మినిట్స్ చూసే హక్కుంది. లెక్కల పుస్తకాలు తనిఖీ చేసే హక్కు డైరెక్టర్లది. రాజమండ్రి తరహా ఆరోపణలు రుజువు చేయాలంటే ఆ పుస్తకాలే కావాలి. కాబట్టి అన్నదమ్ముల కంపెనీలో డబ్బు పెట్టేవారు ఆర్టికల్స్ రాసేనాడే బోర్డులో ఒక స్థానం రాయించుకోవాలి. గ్యారంటీ కాగితం ముందుకు వచ్చిన రోజున సంతకానికి ముందే లెక్కలు అడగాలి.