కోరంగి ఓడకు ఎగువ గోదారి టేకు

గోదావరిఖని దాటిన గోదారి కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకొని, భద్రాచలం, రాజమండ్రి మీదుగా సముద్రం చేరుతుంది. ఆ చివరన, కాకినాడకు దక్షిణాన ఉన్న కోరంగి, తాళ్ళరేవు ఒకప్పుడు తెరచాప ఓడలకు పెట్టింది పేరు. 17వ శతాబ్దంలోనే నరసాపురం, మాధవాయపాలెం వడ్రంగులు తెల్ల వర్తకులకు ఓడలు కట్టిచ్చారు. ఆ తర్వాత కోరంగి వంతు వచ్చింది. అక్కడి నుంచి ఓడలు బర్మా దాకా వెళ్ళేవి.

ఓడకు ప్రాణం టేకు. ఉప్పునీటిలో తొందరగా చివకదు, ఎండావానలకు వంకర పోదు. ఎగువన ప్రాణహిత ఒడ్డు అహేరి అడవుల్లో కొట్టిన దుంగలు తెప్పలుగా కట్టి దిగువకు వదిలేవారు. వడ్రంగి ముందు అడుగు దూలం పరిచి, దానికి పక్కటెముకల్లా వంపు కర్రలు నిలిపి, వాటి మీద పలకలు బిగిస్తాడు. సందుల్లో దూది కూరి, గుగ్గిలం, నూనె కలిపి పట్టిస్తాడు. ఆ పూత సరిగ్గా లేకపోతే ఎంత మంచి టేకైనా నీళ్ళు తాగుతుంది.

1789, 1839 ఉప్పెనలు కోరంగిని ఊడ్చేశాయి. ఒండ్రు మేటలు వేసి రేవు పూడింది. వ్యాపారం కాకినాడకు తరలింది.

ఈలోగా ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్, గోదారి మీదుగా నాగపూర్ వైపు పత్తి పడవలు నడపాలని తలపెట్టాడు. దారిలో రాళ్ళు అడ్డొచ్చే చోట్లు మూడు: దుమ్ముగూడెం, ఇంచంపల్లి, ప్రాణహిత మీద దేవల్‌మరి. పని సాగుతుండగానే 1867లో నాగపూర్‌కు రైలొచ్చింది. 1871లో పథకం ఆపేశారు. అదే ఏడాది భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది, 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడింది.

కోరంగిని పూడ్చింది ఒండ్రయితే, తెరచాపను దించింది ఆవిరి. ఆ ఆవిరికి మేత బొగ్గు. దుంగలు దిగిన నది పక్కనే ఇవాళ బొగ్గు గనులున్నాయి.

తాళ్ళరేవులో ఇప్పటికీ చెక్కతో చేపల పడవలు కడతారు. కాటన్‌కు ధవళేశ్వరంలో మ్యూజియం ఉంది. ఆ వడ్రంగుల పనికీ, పనిముట్లకూ కాకినాడలో ఒక గదైనా కేటాయించాలి.