మేనరికమూ చెలిమ నీళ్లూ

గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు ఏలిన పాలమూరు నేల ఇది. ఇక్కడి పిల్లల జబ్బుల చరిత్ర చెప్పాలంటే తాగిన నీళ్లనూ మేనరికాన్నీ కలిపి చూడాలి. రక్తవిరేచనాల తర్వాత బిడ్డకు మూత్రం ఆగి ముఖం ఉబ్బితే తప్పంతా నీళ్లదే అనుకోవడం అలవాటైంది. కారణం లేకపోలేదు. కృష్ణా తుంగభద్రలు పక్కనే పారుతున్నా మెట్ట ఊళ్లు చెలిమ నీళ్లతో వేసవులు గడిపాయి. పాలమూరు కూలీలు ఆనకట్టల పనులకు వలసపోయి, గుడిసెల దగ్గర దొరికిన నీళ్లే పిల్లలకు తాపారు. ఎర్రకణాలు చితికి, ప్లేట్‌లెట్లు పడిపోయి, కిడ్నీలు దెబ్బతిని ఇలా మూత్రం ఆగే జబ్బును 1955లో స్విట్జర్లాండ్ వైద్యుడు గాసర్ వర్ణించాడు. షిగెల్లా క్రిమి తెచ్చే జిగట విరేచనాల వెంట అది మన దేశపు పిల్లల్లో చాలాకాలం కనిపించింది. అందుకే నీళ్ల మీద అనుమానం ఎక్కువసార్లు నిజమే. అన్నిసార్లూ నిజమనుకోవడమే ప్రమాదం.

మేనమామ కూతురినీ మేనత్త కూతురినీ పెళ్లాడటం దక్షిణాది ఆచారమని బౌధాయన ధర్మసూత్రమే చెప్పింది. అక్క కూతురిని చేసుకోవడమూ మనకు కొత్త కాదు. పొలం చీలదు, పిల్ల ఎరిగిన ఇంటికే పోతుంది అన్న లెక్క దాన్ని నిలబెట్టింది. ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్ 1960ల మొదట్లోనే ఆంధ్రప్రదేశ్‌లోని ఈ పెళ్లిళ్లనూ వాటి ఫలితాలనూ పరిశీలించారు. ఒకే తాత నుంచి వచ్చిన జన్యులోపం భార్యలోనూ భర్తలోనూ ఉంటే వాళ్లకేమీ కాదు. బిడ్డకు మాత్రం అది రెండువైపుల నుంచీ చేరవచ్చు. రక్తం ఆగని తీవ్రమైన వాన్ విల్లీబ్రాండ్ జబ్బు అలా వచ్చేదే. ఆ పేరుగల ప్రొటీన్ గాయం దగ్గర ప్లేట్‌లెట్లను అతికిస్తుంది. దాని పొడవాటి పోగులను అడామ్‌టీఎస్-13 అనే ఎంజైమ్ తుంచుతుంది. ఆ ఎంజైమ్ జన్యువు 2001లో తేలింది. ఇలాగే రెండువైపుల నుంచీ లోపం చేరి, పుట్టుకతో ఆ ఎంజైమ్ లోపించిన బిడ్డకు జ్వరమో విరేచనాలో తగిలితే చాలు, సన్నని నాళాల్లో గడ్డలు కట్టి ప్లేట్‌లెట్లు పడిపోతాయి, కిడ్నీలూ దెబ్బతినవచ్చు. పైకి అచ్చం నీళ్ల జబ్బే. కానీ దీనికి ప్లాస్మా ఎక్కించాలి. గుర్తించకపోతే మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది.

అతికించే ప్రొటీనే లేని బిడ్డకు గడ్డలు తక్కువ కట్టి కిడ్నీకి మేలు జరుగుతుందేమో అని వాదించవచ్చు. తర్కానికి బాగానే ఉంది. కానీ ఆ బిడ్డకే డయాలిసిస్ గొట్టం వేయాల్సివస్తే, బయాప్సీ చేయాల్సివస్తే నెత్తురు ఆగదు. జబ్బు ముందే తెలియకపోతే వైద్యమే ప్రాణం మీదికి తెస్తుంది. హీమోఫీలియాకు మేనరికం అక్కర్లేదు, సాధారణంగా అది తల్లి నుంచి కొడుక్కి వస్తుంది అంటారు. ఒప్పుకోవాల్సిందే. మేనరికపు సంతానంలో ఎక్కువమంది నిక్షేపంగా ఉన్నారన్నదీ వాస్తవమే. అయితే అరుదైన జబ్బును అడిగి తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో, 2024లో గద్వాలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అక్కడి వైద్యులకు ఒకటే మనవి: మూత్రం ఆగిన బిడ్డను తెచ్చిన తల్లిని ఏ నీళ్లు తాగారని అడగండి, మేనరికమా, బొడ్డు ఊడినప్పుడు నెత్తురు ఆగలేదా, ముందు పుట్టిన బిడ్డకూ ఇలాగే అయిందా అని కూడా అడిగి కేసుషీటులో రాయండి.